ఇల్లు రాసిచ్చిన తల్లి ఎక్కడ ఉండాలి?

పాఠకుల ప్రశ్నలకు న్యాయవాది జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు పెద్దవాళ్లు తమ చేతితో రాసినవే. పేర్లు వేయడం లేదు. పేటల పేర్లు మాత్రం ఉంచాను. ఏ ఆర్డీఓ కార్యాలయానికి వెళ్లాలన్నది ఉండే పేటను బట్టే తేలుతుంది కాబట్టి.

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. మారేడుపల్లిలో మావారు నా పేరిట కట్టించిన ఇల్లు ఉంది. ఆయన పోయాక, ఎప్పటికైనా వాడిదే కదా అని అబ్బాయి పేరిట గిఫ్ట్ డీడ్ చేశాను. రెండేళ్లు దాటింది. ఇప్పుడు కింది వాటా అద్దెకిచ్చి నన్ను మేడ మీది గదిలో పెట్టారు. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేను. నా వంట నేనే వండుకుంటున్నాను. మొన్న అబ్బాయి "అక్క దగ్గరికి వెళ్లి కొన్నాళ్లు ఉండు" అన్నాడు. నన్ను చూసుకోవాలని పత్రంలో రాయించుకున్న గుర్తు లేదు. ఇల్లు తిరిగి వస్తుందా?
– మారేడుపల్లి నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట వినండి. ఆ గది ఖాళీ చేసి వెళ్లకండి. పండగకో పురిటికో అమ్మాయి ఇంటికి వెళ్లినా మీ బీరువా, మందుల చీటీలు, గ్యాస్ పుస్తకం, ఆధార్‌లోని చిరునామా అన్నీ ఆ ఇంట్లోనే ఉండాలి. సామానుతో సహా గడప దాటితే "అమ్మ ఇష్టపడే వెళ్లింది" అనడం అవతలివాళ్లకు సులువవుతుంది. ఉన్న మనిషిని పంపించడం కంటే వెళ్లిన మనిషిని మళ్లీ రానివ్వకపోవడం వాళ్లకు చాలా తేలిక.

ఇక చట్టం సంగతి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. 60 ఏళ్లు నిండిన ఎవరికైనా, ఏ మతం వారికైనా వర్తిస్తుంది. అందులోని 23వ సెక్షన్ ప్రకారం, తన కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద పెద్దవారు ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవారు ఆ షరతు తప్పితే, ఆ బదిలీ మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టుగా భావించి, పెద్దల దరఖాస్తులు వినడానికి ఈ చట్టం కింద పెట్టిన ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయవచ్చు. మెలిక అంతా ఆ షరతు దగ్గరే ఉంది. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో, పత్రంలో షరతు లేనప్పుడు 23వ సెక్షన్ అక్కరకు రాదని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో మాత్రం తల్లి రాసిన గిఫ్ట్ డీడ్‌ను అదే కోర్టు రద్దు చేసి, ఆస్తి స్వాధీనం కూడా ఆమెకు ఇప్పించింది. అక్కడ కొడుకు తల్లిని చివరివరకూ చూసుకుంటానని అదే రోజు విడిగా ఒక కాగితం రాసిచ్చాడు. పెద్దల మేలు కోసం చేసిన చట్టాన్ని ఉదారంగా చదవాలని కోర్టు అందులో స్పష్టంగా చెప్పింది.

అందుకని "రాయించుకున్న గుర్తు లేదు" అన్న దగ్గర ఆగిపోకండి. రిజిస్టరైన సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజు నంబరు, సంవత్సరం చెప్పి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. మొదటి పేజీ నుంచి హద్దుల షెడ్యూలు దాకా ఎవరిచేతనైనా చదివించుకోండి. దస్తావేజు రాతగాళ్లు తమ దగ్గరున్న పాత నమూనాలోంచే రాస్తారు. "నా ఆలనాపాలనా చూచుకొనుచున్నందున, ఇకమీదట కూడా చూచుకొందునని చెప్పినందున" వంటి వాక్యం ఎక్కడో మధ్యలో ఉండవచ్చు. అది షరతు కిందికి వస్తుందా రాదా అన్నది వాదించాల్సిన విషయమే అయినా, ఆ వాక్యం ఉంటే చేతిలో ఆధారం ఉన్నట్టే. అప్పట్లో అబ్బాయి రాసిచ్చిన ఉత్తరం, ఫోనులో పంపిన సందేశం ఏదైనా ఉంటే తీసి భద్రపరచండి.

ఏ షరతూ లేదని తేలితే ట్రిబ్యునల్ ద్వారా ఇల్లు వెనక్కి రావడం కష్టమే. మిమ్మల్ని మభ్యపెట్టను. కానీ ఇంటి సంగతి వేరు, పోషణ సంగతి వేరు. పోషణ అడగడానికి పత్రంలో ఏ షరతూ అక్కర్లేదు, సొంత ఆదాయంతో, ఆస్తితో గడవని తల్లి అయితే చాలు. ఆ చట్టంలో పోషణ అంటే తిండి, బట్ట మాత్రమే అనుకోకండి. ఉండటానికి చోటు, వైద్యం కూడా అందులోకే వస్తాయి. మోకాళ్లతో మెట్లెక్కలేని మనిషికి కింది వాటాలో గది కావాలని మీరు అడగవచ్చు. డాక్టరు చీటీ జతచేసి అడగండి. డబ్బు రూపంలో నెలకు 10,000 రూపాయల వరకు ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది.

మీ ఇల్లు సికింద్రాబాద్ ఆర్డీఓ పరిధిలోకి వస్తుంది. ట్రిబ్యునల్ అంటే ఆయన కార్యాలయమే. లాయరు లేకుండా మీరే వెళ్లి చెప్పుకునేలా ఈ చట్టం చేశారు. తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చాలు: ఎప్పుడు రాసిచ్చారు, అప్పుడు అబ్బాయి ఏమన్నాడు, ఇప్పుడు ఏం జరుగుతోంది, మీకు ఏం కావాలి. గిఫ్ట్ డీడ్ కాపీ, ఆధార్, డాక్టరు చీటీలు, కింది వాటా అద్దెకిచ్చిన వివరం జతచేయండి. నోటీసు అందిన 90 రోజుల్లో పోషణ దరఖాస్తు తేల్చాలని చట్టం చెబుతోంది. తప్పనిసరైతే మరో 30 రోజులు. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టరు దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. నడవలేకపోతే మీ తరఫున మరొకరు దరఖాస్తు పెట్టవచ్చు. 14567 అన్న వయోవృద్ధుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే దారి చూపిస్తారు.

మరో సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. ఆ చట్టంలో "పిల్లలు" అంటే కూతుళ్లు కూడా. విచారణలో అక్కను కూడా చేర్చమని మీ అబ్బాయి అడగవచ్చు. దానికి మీరు నొచ్చుకోవద్దు, అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి.

సంతకం నాడు మిమ్మల్ని మోసపుచ్చారనో ఒత్తిడి పెట్టారనో అనిపిస్తే సివిల్ కోర్టులో గిఫ్ట్ డీడ్ రద్దు కోరే దారి వేరే ఉంది. ఆ సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. మీకు రెండేళ్లు దాటిపోయాయి కాబట్టి ఆలస్యం చేయకండి. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంది, ఉచితంగా సలహా ఇస్తారు. ఫోనులో అయితే 15100.

ఇంకా సంతకం పెట్టని తల్లిదండ్రులకు ఇక్కడే రెండు మాటలు చెప్పాలి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో నేను తరచూ చూసే దృశ్యం ఇది. అంట్లు తోమి తోమి అరిగిన బొటనవేలు యంత్రం మీద పడదు. కొడుకు ఆ వేలిని తుడిచి మళ్లీ అదిమిపెడతాడు. పడదు. ఆవిడ కొంగుతో తుడుచుకుని ఇంకో వేలు చాపుతుంది. ఈ హడావిడి అంతా వేలిముద్ర కోసమే. ఆ పత్రంలో ఏముందో ఆవిడకు చదివి వినిపించినవారు నాకు కనిపించరు. అమ్మా, అయ్యా, చదివి వినిపించేదాకా వేలు చాపకండి. రాసివ్వక తప్పదనుకుంటే ఈ వాక్యాలు పత్రంలో ఉన్నాయో లేదో చూసుకోండి:

"సదరు ఇంటిలో దాత తన జీవితకాలమంతయు నివసించు హక్కు కలిగియుండును. దాతకు కావలసిన భోజనము, వస్త్రములు, వైద్యము మరియు ఇతర కనీస అవసరములను గ్రహీత తన స్వంత ఖర్చులతో సమకూర్చవలెను. అట్లు సమకూర్చని పక్షమున ఈ దానమును రద్దు చేయించుకొను హక్కు దాతకు కలదు."

ఈ మూడు వాక్యాలు రాయడానికి కొడుకో కూతురో ముఖం చిట్లిస్తే, ఇల్లు మీ పేరిటే ఉంచుకోవడానికి అంతకంటే మంచి కారణం అక్కర్లేదు. నా అభిప్రాయం అడిగితే బతికుండగా ఇల్లు ఎవరికీ రాసివ్వవద్దు. వీలునామా రాయండి. గిఫ్ట్ డీడ్ రిజిస్టరైన నాడే ఇల్లు చేయి దాటిపోతుంది. వీలునామా మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, మీరు బతికున్నంతకాలం మార్చుకోవచ్చు.

ప్రశ్న: మావారు ఈ మధ్యే గుండెపోటుతో పోయారు. బ్యాంకు డిపాజిట్లకు, పీఎఫ్‌కు పెళ్లికి ముందు పెట్టిన నామినీ ఆయన తమ్ముడే. మరిది "అన్నయ్య నాకే ఇచ్చాడు" అంటున్నాడు. మాకు ఒక పాప. అత్తగారు ఉన్నారు.
– కూకట్‌పల్లి పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, నామినీ అంటే బ్యాంకు ఎవరి చేతికి డబ్బు ఇవ్వాలో చెప్పే పేరు. ఆ డబ్బు ఎవరిదన్నది వారసత్వ చట్టం తేలుస్తుంది. సుప్రీంకోర్టు 1984లో బీమా పాలసీల విషయంలో, 2023లో షేర్ల విషయంలో ఇదే చెప్పింది. వీలునామా లేకపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, బిడ్డ, తల్లి మొదటి తరగతి వారసులు, ముగ్గురికీ సమానం. తల్లి బతికుండగా, భార్యాబిడ్డలుండగా తమ్ముడికి ఏమీ రాదు. మీ అత్తగారికి మూడో వంతు వస్తుంది, అది కాదనకండి.

పీఎఫ్ విషయంలో మీకు ఇంకా గట్టి ఆధారం ఉంది. కుటుంబం లేనప్పుడు పెట్టిన నామినేషన్ పెళ్లితోనే చెల్లకుండా పోతుందని ఆ పథకం నిబంధనల్లోనే ఉంది. పెళ్లి ధ్రువపత్రం, పాప జనన ధ్రువపత్రం జతచేసి పీఎఫ్ కార్యాలయానికి ఈ వారమే రాయండి. బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అభ్యంతరం ఉన్నా నామినీకి చెల్లించే వీలు బ్యాంకుకు ఉంటుంది. అందుకే సివిల్ కోర్టులో వారసత్వ ధ్రువపత్రం కోసం దరఖాస్తు వేసి, చెల్లింపు ఆపమని ఉత్తర్వు కోరాలి. మరిది అప్పటికే తీసుకుని ఉంటే అతని నుంచి రాబట్టుకునే హక్కు మీకుంది.

పెళ్లయినవాళ్లందరూ తమ పాసుపుస్తకం తీసి నామినీ పేరు ఒకసారి చూసుకోవాలి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయవచ్చు.

ప్రశ్న: ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యాను. ఉప్పల్‌లో నా జీతంతో కట్టుకున్న ఇల్లు, నల్గొండ దగ్గర మా తాతగారి నుంచి వచ్చిన రెండెకరాల పొలం ఉన్నాయి. ఇద్దరమ్మాయిలు అమెరికాలో, అబ్బాయి ఇక్కడ. వీలునామా స్టాంపు కాగితం మీద రాసి రిజిస్టర్ చేయిస్తేనే చెల్లుతుందని దస్తావేజు రాతగాడు అంటున్నాడు. నిజమేనా?
– ఉప్పల్ పాఠకుడు

జవాబు: అయ్యా, కాదు. తెల్లకాగితం చాలు. స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ మీ ఇష్టం. తప్పనిసరైంది ఒక్కటే: మీరు సంతకం చేయడం ఇద్దరు సాక్షులు చూడాలి, లేదా ఆ సంతకం మీదేనని మీరు వాళ్లతో చెప్పాలి; వాళ్లు మీ ఎదుట సంతకం చేయాలి. ఇది భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్. చాలా వీలునామాలు కోర్టులో ఇక్కడే చెడిపోతాయి. తండ్రి ఇంట్లో సంతకం పెడతాడు, కొడుకు ఆ కాగితం పట్టుకెళ్లి వీధి చివర షాపాయనతో, పక్కింటాయనతో సాక్షి సంతకాలు పెట్టిస్తాడు. పదేళ్ల తర్వాత సాక్షి బోనెక్కి "ఆయన సంతకం చేయడం నేను చూడలేదు, సంతకం తనదేనని నాతో చెప్పనూ లేదు" అంటాడు. వీలునామా అక్కడితో సరి.

సాక్షులు మీకంటే చిన్నవాళ్లయి ఉండాలి, ఊళ్లో ఉండేవాళ్లయి ఉండాలి. ఆస్తి పొందేవాళ్లనూ వాళ్ల భార్యాభర్తలనూ సాక్షులుగా పెట్టకండి. ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాయండి. అదే రోజు తేదీతో మీ డాక్టరు నుంచి మతి స్థిమితంగా ఉందన్న చీటీ తీసుకుని జతచేయండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించమనే చెబుతాను, ఎందుకంటే తర్వాత "ఇది దొంగ సంతకం" అనడం కష్టమవుతుంది. మంచాన పడితే తగిన కారణం చూపించి సబ్ రిజిస్ట్రార్‌ను ఇంటికి పిలిపించుకునే వీలుంది. ఎవరికీ తెలియకూడదనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచవచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, చివరగా రాసిందే చెల్లుతుంది. రిజిస్టరైన వీలునామాను తర్వాత ఇద్దరు సాక్షులతో రాసిన, రిజిస్టరు కాని కాగితం కూడా రద్దు చేయగలదు.

ఉప్పల్ ఇల్లు స్వార్జితం కాబట్టి మీ ఇష్టం వచ్చినట్టు రాయవచ్చు. పొలం అలా కాదు. అది పిత్రార్జితమైతే అందులో పిల్లలకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది, ఆడపిల్లలకు కూడా. 2005 సవరణ, దానిపై 2020లో వచ్చిన వినీతా శర్మ తీర్పు ఈ విషయం తేల్చేశాయి. పెళ్లిళ్లయి అమెరికాలో ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. పొలంలో మీ వంతు వరకే మీరు వీలునామా రాయగలరు. తాత నుంచి మీకు ఎలా వచ్చింది, పంపకమా, వీలునామానా, మీ నాన్నగారి తర్వాత వారసత్వమా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది కాబట్టి పాత పాసుపుస్తకాలు, లింకు కాగితాలు పట్టుకుని ఒక్కసారి లాయరును కలవండి. అమ్మాయిలు విదేశీ పౌరసత్వం తీసుకున్నా వారసత్వంగా ఇల్లు, పొలం పొందడానికి అడ్డు లేదు.

మీరు మీ భార్య గురించి ఒక్క మాటా రాయలేదు. అందరూ పిల్లల వాటాలే రాస్తారు. "నా తర్వాత నా భార్య జీవితకాలం అనుభవించి, ఆమె తర్వాత పిల్లలకు" అని రాయడం మామూలు. అలా రాస్తే ఆమె ఇంటిని అమ్ముకోలేదు, వైద్యానికి తాకట్టు కూడా పెట్టుకోలేదు. ముందు ఇంటిని ఆమెకు సంపూర్ణ హక్కులతో రాయండి. ఆమె తన వీలునామా తాను రాసుకుంటుంది. ఇది నా సలహా మాత్రమే, కానీ గట్టిగా ఇస్తున్నాను.

అబ్బాయికి ఎక్కువ, అమ్మాయిలకు తక్కువ ఇస్తున్నా, లేక తారుమారుగా ఇస్తున్నా, కారణం వీలునామాలోనే ఒకటి రెండు వాక్యాల్లో రాయండి. కారణం రాయని చోట అనుమానాలు పుట్టి, తోబుట్టువులు కోర్టుకెక్కుతారు. మన హైదరాబాద్‌లో హిందువుల వీలునామాకు కోర్టు ప్రొబేట్ (వీలునామా అసలైందేనన్న కోర్టు ధ్రువీకరణ) తప్పనిసరి కాదు. ఆస్తిపన్ను రశీదులో పేరు మార్చుకోవడానికి వీలునామా, మరణ ధ్రువపత్రం పట్టుకుని వెళతారు. పొలం మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) ఇప్పుడు ప్రభుత్వ భూభారతి పోర్టల్‌లో.

ప్రశ్న: మాది టోలీచౌకీ. ముగ్గురు కొడుకులు పట్టించుకోరు. కూతురే చూసుకుంటోంది. ఇల్లు మొత్తం ఆమెకే వీలునామా రాయవచ్చా?
– ఒక ముస్లిం తండ్రి

జవాబు: సోదరా, ముస్లిం వారసత్వ ధర్మం ప్రకారం మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు. సున్నీలలో వారసురాలికి ఆ మూడో వంతు రాయాలన్నా మిగతా వారసులు మీ తర్వాత ఒప్పుకోవాలి. బతికుండగా హిబా (దానం) ఇవ్వడానికి ఈ పరిమితి లేదు. ఇస్తున్నానని చెప్పడం, ఆమె స్వీకరించడం, స్వాధీనం అప్పగించడం మూడూ జరగాలి. కానీ కన్నబిడ్డకు హిబా ఇచ్చి స్వాధీనం చేశాక వెనక్కి తీసుకోలేరు. మారేడుపల్లి తల్లికి చెప్పిన షరతు సంగతి మీకూ వర్తిస్తుంది. కూతురు ఎంత మంచిదైనా, మిమ్మల్ని చూసుకోవాలన్న మాట కాగితం మీద ఉండాలి. కొడుకుల మీద పోషణ దరఖాస్తు వేసే హక్కు మీకు ఎలాగూ ఉంది.

ప్రశ్న: నల్లకుంటలో ఉంటాం. నాన్నకు 78 ఏళ్లు. ఈ ఏడాదిగా మతిమరుపు మొదలైంది. వచ్చినవారి పేర్లు తడుముకుంటున్నారు. అన్నయ్య ఆయనతో జీపీఏ (ఆయన తరఫున ఆస్తి వ్యవహారాలు నడిపే అధికారపత్రం) మీద సంతకం పెట్టించుకుని ఘట్‌కేసర్ ప్లాటు అమ్మబోతున్నాడని తెలిసింది. నాన్న మందుల ఖర్చుకు పెన్షన్ తీయడానికి కూడా బ్యాంకులో ఇబ్బందిగా ఉంది.
– ఒక కూతురు

జవాబు: అమ్మాయీ, జీపీఏ ఇచ్చిన మనిషి పోయినా, మతి తప్పినా ఆ జీపీఏ ముగిసిపోతుంది. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెప్పేది ఇదే. "నాన్నకు ఒంట్లో బాగోలేనప్పుడు పనికొస్తుంది" అని రాయించుకునే జీపీఏ సరిగ్గా ఆ రోజు నుంచే పనికిరాకుండా పోతుంది. ఈ సంగతి ఇంకా చాలామందికి తెలియదు. సంతకం పెట్టిన నాటికి నాన్నకు విషయం అర్థమయ్యే స్థితి ఉందా అన్నది మరో ప్రశ్న. నరాల వైద్యుడి దగ్గరి పాత చీటీలు, స్కానింగ్ రిపోర్టులు తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టండి. ప్లాటు మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే ఈసీ తీసి చూడండి. అమ్మకం ఇంకా జరగకపోతే ఆ పరిధి సబ్ రిజిస్ట్రార్‌కు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, వెంటనే సివిల్ కోర్టులో ఇంజంక్షన్ కోరండి. సబ్ రిజిస్ట్రార్ మీ కాగితం చూసి మాత్రమే రిజిస్ట్రేషన్ ఆపకపోవచ్చు. కోర్టు ఉత్తర్వు ఉంటే ఆపక తప్పదు.

మతిమరుపు మొదలైనంత మాత్రాన నాన్న వీలునామా రాయలేరని కాదు. మనసు తేటగా ఉన్న వేళ, ఏం రాస్తున్నారో తెలిసి రాస్తే చెల్లుతుంది. ఆయనకు ఇష్టమైతే మాత్రమే, డాక్టరును సాక్షిగా పెట్టుకుని, వీడియో తీయిస్తూ, మీ తోబుట్టువులు ఎవరూ గదిలో లేకుండా రాయించండి. మీరు కూడా బయటే ఉండండి.

స్థితి ముదిరాక ఆస్తిని ఎవరు చూసుకోవాలన్నదానికి మన చట్టాల్లో సూటిదారి లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద పెట్టుకునే ప్రతినిధి వైద్యం వరకే పనికొస్తాడు, బ్యాంకుకూ భూమికీ కాదు. ఆస్తి కోసం హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద సంరక్షకుడిగా నియమించమని రిట్ వేస్తున్నారు. కేరళ హైకోర్టు 2019లో కోమాలో ఉన్నవారి విషయంలో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఖర్చు, సమయం రెండూ పడతాయి. కానీ నాన్న వైద్యం ఏళ్ల తరబడి సాగేలా ఉంటే తప్పదు.

బ్యాంకు పని మాత్రం మీరు ఈ నెలలోనే చక్కబెట్టవచ్చు. సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు. ఇద్దరు సాక్షులుండాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి కావాలి. రిజర్వు బ్యాంకు నిబంధన ఇది. 70 ఏళ్లు దాటినవారికి ఇంటికే వచ్చి సేవలందించాలని కూడా రిజర్వు బ్యాంకు చెప్పింది. మేనేజరుకు దరఖాస్తు రాసివ్వండి, నోటితో అడిగి ఊరుకోకండి. పెన్షన్ కోసం ఏటా ఇచ్చే జీవిత ధ్రువపత్రం ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఇంటి నుంచే ఇవ్వవచ్చు. నాన్నకు ఇంకా మనసు తేటగా ఉన్నప్పుడే, ఆయన ఒప్పుకుంటే, ఆ ఖాతాను అమ్మతో కలిపి ఉమ్మడి ఖాతాగా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా మార్పించండి. అన్నయ్య జీపీఏ కాపీ ఎలాగైనా సంపాదించి, ఫైలు పట్టుకుని ఈ వారమే లాయరును కలవండి.